పెద్దవాళ్ళ కోసం ఎలక్ట్రిక్ కెటిల్: ఏది కొనాలి, ఎక్కడ పెట్టాలి, ఎలా అలవాటు చేయాలి

పొయ్యి మీద నీళ్ళు పెట్టి, ఫోన్ మోగితే హాల్లోకి వెళ్ళి, అక్కడే టీవీ ముందు కూర్చుండిపోవడం. నీళ్ళన్నీ ఇగిరిపోయి గిన్నె మాడిన వాసన వస్తే తప్ప గుర్తు రాకపోవడం. డెబ్బై దాటిన అమ్మానాన్నలు ఇద్దరే ఉంటున్న ఇళ్ళలో ఇది కొత్త సంగతేమీ కాదు. పిల్లలు గచ్చిబౌలిలో ఉన్నా, డల్లాస్‌లో ఉన్నా ఆ టెన్షన్ ఒకటే. దాంతో ఒక ఎలక్ట్రిక్ కెటిల్ ఆర్డర్ పెట్టేస్తారు. మంట లేదు, గ్యాస్ లేదు, నీళ్ళు మరగగానే దానంతట అదే ఆగిపోతుంది. ఆలోచన మంచిదే.

కానీ ఆ కెటిల్ నెల తిరక్కుండా అటకెక్కడం కూడా అంతే మామూలు. ఎందుకమ్మా అంటే "బరువుగా ఉందిరా", "ఆ మూత నాకు రావట్లేదు", "ఆవిరి చేతికి కొడుతోంది" అంటారు. అవి సాకులు కావు. షాపుల్లో దొరికే కెటిళ్ళలో చాలావరకు హాస్టల్ కుర్రాళ్ళ కోసం చేసినట్టే ఉంటాయి. అందుకని నేను చెప్పే వరస కొంచెం వేరు: ముందు పెద్దవాళ్ళ చేతులు, తర్వాత ఇంట్లో ప్లగ్ పాయింట్, ఆ తర్వాతే కెటిల్.

1. ముందు చేతులు చూడండి

వంటింట్లో హ్యాండిల్ ఉన్న స్టీలు జగ్గు ఒకటి ఉంటుంది కదా. దాంట్లో లీటరున్నర చన్నీళ్ళు పోసి, "అమ్మా, ఇందులోంచి గ్లాసులోకి నిదానంగా నీళ్ళు పొయ్యి" అనండి. ఒంటిచేత్తో ఎత్తగలిగిందా? వంచేటప్పుడు మణికట్టు వణికిందా? రెండో చెయ్యి సాయం పట్టిందా? గ్లాసులో పడాల్సిన నీళ్ళు గట్టు మీద పడ్డాయా? లీటరున్నర కెటిల్ నిండా ఉంటే బరువు ఈ జగ్గు కంటే ఎక్కువే ఉంటుంది. నీళ్ళే కిలోన్నర, కెటిల్ మరో ముప్పావు కిలో నుంచి కిలో. ఈ జగ్గుతోనే ఇబ్బంది పడితే లీటరున్నర కెటిళ్ళ జోలికి వెళ్ళనక్కర్లేదు.

బరువు ఎత్తగలగడం ఒకటి, వంచి పట్టుకోవడం ఇంకొకటి. కీళ్ళ నొప్పులున్న వాళ్ళకు రెండోదే కష్టం. కప్పు నిండేదాకా మణికట్టు వంచే ఉంచాలి, ఆ కాసేపట్లోనే పట్టు సడలుతుంది.

ఇవి కాక మూడు సంగతులు గమనించండి. కంటి చూపు ఎలా ఉంది, శుక్లాలున్నాయా? పచ్చడి సీసా మూత వాళ్ళే తీసుకుంటున్నారా, ఎవరో ఒకరు తీసిపెట్టాలా? వేడినీళ్ళు అసలు దేనికి కావాలి? పొద్దున్నే గోరువెచ్చని నీళ్ళు, రాత్రి మాత్రలకు అరగ్లాసు, మధ్యలో గ్రీన్ టీ, ఫిల్టర్‌లో డికాక్షన్‌కు ఒక కప్పు. లెక్క వేస్తే చాలా ఇళ్ళలో ఒకసారికి అర లీటరు దాటదు. అర లీటరు కోసం ఒకటింబావు లీటరు, లీటరున్నర మోయించడం ఎందుకు?

చేతులు బాగా వణికేవాళ్ళకు, పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళకు, మతిమరుపు జబ్బు మొదలైనవాళ్ళకు మరిగే నీళ్ళ కెటిల్ ఇవ్వకపోవడమే మంచిది. వాళ్ళకేం చేయాలో చివర్లో చెప్తాను.

2. ప్లగ్ పాయింట్

ఈ భాగం బోర్ కొట్టినా దాటేయకండి. మన దగ్గర సాధారణంగా దొరికే కెటిళ్ళు 1500 వాట్లవి. మన కరెంటు 230 వోల్టులు. భాగిస్తే ఆరున్నర ఆంపియర్లు వస్తుంది. ఫోన్ చార్జర్, టీవీ పెట్టుకునే చిన్న సాకెట్ 6 ఆంపియర్లది. అంటే దాని పరిమితి కాస్త దాటినట్టే. కెటిల్‌కు 16 ఆంపియర్ల పెద్ద పాయింటు, అదే పవర్ ప్లగ్ అంటామే, అది కావాలి. కొన్ని 1500 వాట్ల కెటిళ్ళకు చిన్న ప్లగ్గే ఇస్తారు. అది చిన్న సాకెట్‌లో పడుతుంది కదా అని వాడుకుంటూ పోతే, పాతబడి వదులైన సాకెట్ వేడెక్కి నల్లబడుతుంది. ఎక్స్‌టెన్షన్ బాక్స్ మీద కెటిల్ పెట్టడం అసలు వద్దు.

హైదరాబాద్‌లో చిక్కడపల్లి, మలక్‌పేట, బర్కత్‌పుర వైపు పాత ఇళ్ళలో వంటింట్లో ఒకటే పవర్ పాయింటు ఉండి, అది ఫ్రిజ్‌కో ఓవెన్‌కో పోయి ఉంటుంది. మూడో రంధ్రం ఉన్నా దాని వెనక ఎర్త్ వైరు ఉందో లేదో కూడా అనుమానమే. స్టీలు బాడీ కెటిల్‌కు ఎర్తింగ్ తప్పనిసరి. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి మూడు పనులు చేయించండి: గట్టు మీద ఒక 16 ఆంపియర్ల పాయింటు, ఎర్తింగ్ పరీక్ష, మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. ఈ చివరిది షాక్ కొట్టే పరిస్థితి వస్తే రెప్పపాటులో సప్లై ఆపేస్తుంది. కెటిల్ కంటే దీనికే ఎక్కువ ఖర్చు కావచ్చు. అయినా నా ఓటు దీనికే, ఇంట్లో గీజర్‌కూ వాషింగ్ మెషీన్‌కూ కూడా ఇదే రక్ష.

ఇన్వర్టర్ లైను సంగతి కూడా అడగండి. ఇంటి ఇన్వర్టర్ ఫ్యాన్లకూ లైట్లకూ పెట్టుకున్నది, 1500 వాట్లు మోయలేదు. కెటిల్ పెట్టిన పాయింటు ఇన్వర్టర్ లైన్లో ఉంటే కరెంటు పోయినప్పుడు ఓవర్‌లోడ్ అయి ఇల్లంతా చీకటైపోతుంది. పెద్దవాళ్ళకు అది ఇంకో గండం.

అమెరికా నుంచి సూట్‌కేసులో కెటిల్ తెచ్చేవాళ్ళకు ఒక మాట. అక్కడి కరెంటు 120 వోల్టులు. అక్కడ 1500 వాట్ల కెటిల్‌ను ప్లగ్ కన్వర్టర్ తగిలించి ఇక్కడ పెడితే అది దాదాపు 5500 వాట్లు లాగబోతుంది. బోర్డులో ఓవర్‌లోడ్‌కు దానంతట అదే పడిపోయే స్విచ్ (ఎంసీబీ) పడిపోతే అదృష్టం. కన్వర్టర్ పిన్నుల ఆకారాన్నే మారుస్తుంది, వోల్టేజీని కాదు. అక్కడ చవగ్గా వచ్చినా అక్కడే వదిలేయండి.

3. ఎంత సైజు

ఒక్కరికైనా, ఇద్దరికైనా లీటరు లోపు చాలు. ముప్పావు లీటరు నుంచి లీటరు వరకు ఉండేవి వెతకండి. పెద్ద కెటిల్ కొని సగమే నింపుకోవచ్చు కదా అంటారు. నింపుకోవచ్చు, కానీ ఖాళీ కెటిల్ బరువు ఎలాగూ మోయాల్సిందే. పైగా పెద్ద కెటిళ్ళలో కనీసం ఇంత పోయాలని ఒక గీత ఉంటుంది. చాలావాటిలో అది అర లీటరు దగ్గర ఉంటుంది, ఒక్క గ్లాసు కాచుకోవాలంటే కుదరదు.

తక్కువ వాట్ల చిన్న కెటిళ్ళు కూడా ఉంటాయి, 600 నుంచి 1000 వాట్ల మధ్య. నిదానంగా కాగుతాయి. 1500 వాట్లతో లీటరు నీళ్ళు మరగడానికి సుమారు నాలుగు నిమిషాలు పడితే, 1000 వాట్లకు ఆరు నిమిషాలు. పెద్దవాళ్ళకు ఆ రెండు నిమిషాల తొందర ఉండదు. వైరింగ్ మీద భారం తగ్గుతుంది, కాబట్టి పాత ఇళ్ళకు నేను వీటినే సూచిస్తాను. కరెంటు ఖర్చులో తేడా ఉండదు. ఎంత నిదానంగా కాగినా లీటరుకు దాదాపు పదో వంతు యూనిట్.

4. దానంతట అది ఎలా ఆగుతుంది

ఇది అర్థమైతే సగం ప్రమాదాలు తప్పుతాయి. నీళ్ళు మరిగినప్పుడు పైకి లేచిన ఆవిరి ఒక సన్నటి దారిలో స్విచ్ దగ్గరికి చేరుతుంది. అక్కడ రెండు లోహాలు అతికించిన చిన్న రేకు ఉంటుంది. వేడి తగలగానే అది వంగి స్విచ్‌ను పడేస్తుంది. అంటే మూత సరిగ్గా పడకపోతే ఆవిరంతా పైకే పోతుంది, రేకుకు వేడి తగలదు, కెటిల్ ఆగదు, నీళ్ళు కుతకుతలాడుతూనే ఉంటాయి. "ఆటో కట్‌ఆఫ్ పనిచేయట్లేదు" అని వచ్చే ఫిర్యాదుల్లో మూత సరిగ్గా వేయనివే చాలా ఉంటాయి. కాబట్టి పెద్దవాళ్ళకు కొనే కెటిల్ మూత టక్‌మని శబ్దం చేస్తూ పడాలి. పడిందో లేదో చెవికి తెలియాలి.

రెండో రక్షణ, నీళ్ళు లేకుండా ఆన్ చేస్తే ఆగిపోవడం. దీనికి అడుగున ఇంకో రేకు ఉంటుంది. పెట్టె మీద "డ్రై బాయిల్ ప్రొటెక్షన్" అని రాసి ఉందో లేదో చూడండి. రాయకపోతే పక్కన పెట్టేయండి.

ఇక మ్యాగీ, గుడ్లు, సూప్ అన్నీ చేసుకోవచ్చంటూ వెడల్పు మూతతో అమ్మే మల్టీ కెటిళ్ళు. వీటిలో కొన్నింటికి నీళ్ళు మరిగితే ఆగే ఏర్పాటు ఉండదు, తిప్పే నాబ్ మాత్రమే ఉంటుంది. మనమే ఆపాలి. గ్యాస్ పొయ్యి మీద మరిచిపోతున్నారనే కదా కెటిల్ కొంటున్నాం?

5. చేతికి తగిలేవన్నీ ఒక్కొక్కటిగా

బాడీ రెండు పొరలది తీసుకోండి. లోపల స్టీలు, బయట ప్లాస్టిక్. నీళ్ళు మరుగుతున్నా బయట తాకితే కాలేంత వేడి ఉండదు. ఒకే పొర స్టీలు కెటిల్ చూడ్డానికి బాగుంటుంది, బరువూ తక్కువే, కానీ పొరపాటున చెయ్యి ఆనితే చురుక్కుమంటుంది. పెద్దవాళ్ళ చర్మం పల్చబడి ఉంటుంది, కాలిన గాయం లోతుగా పోతుంది, మానడానికి చాలా రోజులు పడుతుంది, షుగర్ ఉంటే మరీను. నీళ్ళు తగిలే లోపలి భాగం అంతా స్టీలే అయితే మేలు, 304 గ్రేడ్ (సులభంగా తుప్పు పట్టని స్టీలు రకం) అని ఉంటే ఇంకా మంచిది. గాజు కెటిళ్ళలో నీలం లైటు వెలిగి నీళ్ళు కనిపిస్తాయి, చూపు తగ్గినవాళ్ళకు అది సాయమే. కానీ సింకు అంచుకో కుళాయికో తగిలిందంటే అంతే సంగతులు.

హ్యాండిల్ మీద ఎక్కువసేపు గడపండి. నాలుగు వేళ్ళూ లోపలికి పూర్తిగా దూరాలి, వేళ్ళ కణుపులకూ కెటిల్ బాడీకీ మధ్య వేలెడు ఖాళీ ఉండాలి. వాచిన కీళ్ళకు సన్నటి హ్యాండిల్ కోసుకుపోతుంది, కాస్త లావుగా, గరుకుగా ఉన్నది పట్టు ఇస్తుంది. పైనా కిందా రెండు చోట్లా అతికి ఉన్న హ్యాండిల్, పైన మాత్రమే అతికిన దానికంటే నమ్మకం.

మూత బొటనవేలితో నొక్కితే తెరుచుకునేది కావాలి. అయితే బటన్ నొక్కగానే స్ప్రింగ్‌లా ఎగిరి పడే మూతలుంటాయి, లోపల వేడినీళ్ళుంటే చుక్కలు చిందుతాయి. నిదానంగా లేచేది చూసుకోండి. గట్టిగా పట్టుకుని లాగాల్సిన మూతలు వద్దే వద్దు.

ముక్కు గురించి ఎవరూ మాట్లాడరు. వెడల్పాటి ముక్కు నుంచి నీళ్ళు భళ్ళున పడతాయి, కప్పు దాటి చేతి మీద పడేది అలాగే. పక్షి ముక్కులా మొన తేలినదైతే ధార సన్నగా, గురి చూసినట్టు పడుతుంది. హంస మెడలా వంగిన సన్నటి గొట్టం ఉండేవి కాఫీ ప్రియుల కోసం వచ్చాయి కానీ, పెద్దవాళ్ళకు కూడా బాగా నప్పుతాయి. కొద్దిగా వంచితే చాలు. ఒకటే లోపం, వాటిలో చాలావాటికి మూత విడిగా తీయాలి, బాడీ కూడా ఒకే పొర. చేతిలో బలం తక్కువ, జాగ్రత్త ఎక్కువ ఉన్న మనిషికైతే సరే.

స్విచ్ హ్యాండిల్ కింద పెద్ద మీటలా ఉండాలి, ఆన్‌లో ఉంటే లైటు వెలగాలి, ఆగినప్పుడు టప్‌మని వినిపించాలి. టచ్ ప్యానెళ్ళు, నాలుగైదు బటన్లు, యాప్‌లు ఉన్నవి పిల్లలకు ముచ్చట, అమ్మకు పరీక్ష. టెంపరేచర్ ఎంచుకునే కెటిల్ మాత్రం ఆలోచించదగ్గదే. 50, 60 డిగ్రీల దగ్గర ఆగేలా మీరే పెట్టిపెడితే గోరువెచ్చని నీళ్ళకు 100 డిగ్రీల దాకా పోనక్కర్లేదు. 60 డిగ్రీలైనా కొన్ని సెకన్లలో చర్మాన్ని కాలుస్తుంది, అది గుర్తుంచుకోవాలి.

వైరు కెటిల్‌కు కాకుండా కింది పీటకు ఉండాలి, కెటిల్‌ను ఏ వైపు నుంచి పెట్టినా కూర్చోవాలి. ఆ వైరు పొట్టిగా ఉందని విసుక్కోకండి. గట్టు మీంచి వేలాడి చేతికో కొంగుకో చిక్కుకోకూడదనే అలా ఇస్తారు.

6. కొనేటప్పుడు

వీలైతే పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని షాపుకి వెళ్ళండి. కోఠి వైపు ట్రూప్ బజార్, గుజరాతీ గల్లీ, సికింద్రాబాద్‌లో జనరల్ బజార్, లేదా మీ దగ్గర్లోని పెద్ద షోరూం, ఎక్కడైనా సరే డిస్‌ప్లే పీసును పట్టుకోనిస్తారు. "భయ్యా, దీంట్లో నీళ్ళు పోసి చూడొచ్చా?" అని అడగండి. కొందరు మొహం అదోలా పెడతారు, కొందరు "ఖాళీది పట్టుకుంటే ఏం తెలుస్తదమ్మా, పోసి చూడుండ్రి" అని వాళ్ళే బాటిల్ అందిస్తారు. నీళ్ళు పోయనివ్వకపోతే లీటరు వాటర్ బాటిల్ లోపల దూరితే దూర్చి, లేదంటే కెటిల్‌తో కలిపి సంచిలో వేసి ఎత్తించండి. మూత ఐదారుసార్లు తీసి వేయించండి. మీరు కాదు, వాళ్ళు.

ఐఎస్ఐ గుర్తు ఉంటే దాంతోపాటు సీఎం/ఎల్ అని ఒక నంబరు ముద్రించి ఉంటుంది. ఈ గుర్తు ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వాళ్ళ "బీఐఎస్ కేర్" యాప్‌లో ఆ నంబరు కొడితే లైసెన్సు ఎవరిదో, ఏ వస్తువుకో చూపిస్తుంది. షాపులో నిలబడే చూసుకోవచ్చు. బిల్లు తీసుకోండి, వారంటీ కార్డు మీద ముద్ర వేయించండి. సర్వీస్ సెంటర్ ఊళ్ళో ఎక్కడుందో అడగండి, కెటిల్ పట్టుకుని ఊరి ఆ చివరకు పోవడం పెద్దవాళ్ళ వల్ల కాదు. వారంటీ విషయంలో షాపువాళ్ళు తిప్పించుకుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, తెలుగులోనూ మాట్లాడొచ్చు.

ఆన్‌లైన్‌లోనే కొనాల్సి వస్తే పేజీలో బరువు ఎంత రాశారో చూడండి, వెనక్కి తీసుకుంటారా లేక మార్చి మాత్రమే ఇస్తారా అన్నది చదవండి.

7. ఇంట్లో ఎక్కడ, ఎలా

ఎత్తు నడుము దగ్గర ఉండాలి. ఫ్రిజ్ మీద వద్దు, కింద స్టూలు మీద వద్దు. గట్టు అంచుకు జానెడు లోపల, కుళాయికి దూరంగా, పైన చెక్క అల్మరా లేని చోట. ఆవిరికి చెక్క ఉబ్బిపోతుంది.

అన్నిటికంటే పెద్ద చిట్కా ఇది: కెటిల్‌ను సింకు దగ్గరికి మోసుకెళ్ళి నింపనక్కర్లేదు. పీట మీదే ఉంచి, మూత తీసి, చెంబుతో ఒకటి రెండు గ్లాసులు పోసుకుంటే చాలు. పీట మీద నీళ్ళు ఒలికితే తుడిచాకే స్విచ్ వేయాలి. వంచేటప్పుడు కూడా కప్పును కెటిల్ పక్కనే, అంచున్న స్టీలు పళ్ళెంలో పెట్టి పోయాలి. ఒలికితే పళ్ళెంలోనే ఉంటుంది. కప్పును చేత్తో పట్టుకుని అందులో పోయడం మానిపించండి. మన స్టీలు గ్లాసు క్షణంలో వేడెక్కి చేతిలోంచి జారుతుంది, చెవి ఉన్న పింగాణీ కప్పు మేలు.

అసలు ఎత్తకుండానే వంచే స్టాండ్లు కూడా ఉన్నాయి. కెటిల్‌ను అందులో కూర్చోబెట్టి ముందుకు ఒరిగిస్తే చాలు. మన షాపుల్లో అరుదు, ఆన్‌లైన్‌లో వెతకాలి, కెటిల్ కొలతలు సరిచూసుకుని కొనాలి.

8. మొదటి వారం

కొత్త కెటిల్‌లో రెండుసార్లు నీళ్ళు మరిగించి పారబోయండి, ఫ్యాక్టరీ వాసన పోతుంది. తర్వాత వాళ్ళ చేత చేయించండి, మీరు పక్కన నిలబడండి. నీళ్ళ గీత కనిపించకపోతే రెండు గ్లాసుల నీళ్ళు పోసి, కెటిల్‌కు బయటివైపు నీళ్ళు కనిపించే సన్నటి కిటికీ ఉంటే, ఆ మట్టం దగ్గర దాని పక్కన ఎర్ర నెయిల్ పాలిష్‌తో ఒక గీత గీయండి. గరిష్ఠ గీత దాటి నింపితే మరిగేటప్పుడు ముక్కులోంచి వేడినీళ్ళు చిమ్ముతాయి, అది చెప్పడం కంటే గీత చూపించడం తేలిక.

రెండు వద్దులు పెద్దక్షరాలతో కాగితం మీద రాసి గోడకు అంటించండి. ఒకటి, పాలు పోయవద్దు. పొంగి స్విచ్‌లోకి దిగుతాయి, అడుగున మాడి పట్టుకుంటాయి. టీ పొడి, అల్లం, వాము, జీలకర్ర కూడా లోపల వేయకూడదు, మరిగిన నీళ్ళు గిన్నెలో పోసుకుని అందులో వేసి మూత పెట్టాలి. రెండు, జలుబు చేస్తే కెటిల్ మీద దుప్పటి కప్పుకుని ఆవిరి పట్టవద్దు. దానికి విడిగా ఆవిరి యంత్రాలున్నాయి.

9. తెల్ల పొర

బోరు నీళ్ళు, ట్యాంకర్ నీళ్ళు వాడే కాలనీల్లో కొద్ది రోజులకే కెటిల్ అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది. అది నీళ్ళలోని సున్నం. పొర మందమైతే కాగడం ఆలస్యమవుతుంది, చప్పుడు పెరుగుతుంది. తాగే ఆర్‌ఓ నీళ్ళో క్యాన్ నీళ్ళో పోస్తే బాగా తగ్గుతుంది. పొర వదిలించడానికి అర లీటరు చన్నీళ్ళలో రెండు టీ స్పూన్ల నిమ్మ ఉప్పు కలిపి, మరిగించి, అరగంట వదిలేసి, రెండుసార్లు కడిగేయాలి. కిరాణా షాపులో దొరుకుతుంది. స్టీలు పీచుతో రుద్దకండి. కెటిల్‌ను నీళ్ళలో ముంచడం, కింది పీటను కడగడం అసలు పనికిరావు.

10. చెయ్యి కాలితే

వెంటనే గాజులు, ఉంగరాలు తీసేసి, కుళాయి కింద చన్నీళ్ళ ధారలో 20 నిమిషాలు ఉంచాలి. ఐసు వద్దు, టూత్‌పేస్టు వద్దు, పసుపు వద్దు, సిరా వద్దు. బొబ్బలు చిదమకూడదు. శుభ్రమైన తడిలేని గుడ్డ వదులుగా కప్పి డాక్టరుకు చూపించాలి. అరచేతిని మించి కాలినా, ముఖం మీద, కీళ్ళ మీద పడినా, షుగర్ ఉన్నా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. అవసరమైతే 108కి ఫోన్ చేయండి. ఉస్మానియా ఆసుపత్రిలో కాలిన గాయాలకు ప్రత్యేక వార్డు ఉంది. ఈ నాలుగు మాటలూ కూడా గోడ మీది కాగితంలోనే చేర్చండి, పక్కింటివాళ్ళ ఫోన్ నంబరుతో సహా.

కెటిల్ ఇవ్వకూడని వాళ్ళకు

ఎవరో ఒకరు, పనమ్మాయైనా సరే, పొద్దున్నే నీళ్ళు కాచి పైన నొక్కితే పోసే పంపు ఫ్లాస్కులో నింపిపెట్టడం అన్నిటికంటే సులువు. ఎత్తడం, వంచడం ఉండదు, అరచేత్తో నొక్కితే కప్పులో పడతాయి. మరిగినవి కాకుండా, చల్లనీళ్ళు కలిపి తాగగలిగే వేడికి తెచ్చిన నీళ్ళే పోస్తే ఒలికినా కాలే భయం ఉండదు. దానంతట అదే కాచి వేడిగా నిలిపి ఉంచే ఎలక్ట్రిక్ పంపు పాత్రలు కూడా దొరుకుతాయి, కానీ వాటిలో నీళ్ళు రోజంతా కాలే వేడి మీదే ఉంటాయి. మతిమరుపు ఉన్న ఇంట్లో నేనైతే పెట్టను.

కెటిల్ ఇచ్చిన ఇంట్లోనూ, వెళ్ళినప్పుడల్లా మీరే ఒకసారి వాడి చూడండి. ప్లగ్ వేడెక్కుతోందా, పీట మధ్యలో నల్లగా కమిలిందా, మరిగాక ఆగడానికి మునుపటికంటే ఎక్కువసేపు పడుతోందా, హ్యాండిల్ కదులుతోందా, అడుగున తేమ ఊరుతోందా. వీటిలో ఒక్కటి కనిపించినా రిపేరు చేయించకుండా మార్చేయండి. పాతది "ఉండనీలే, ఎప్పుడైనా పనికొస్తుంది" అని నాన్న అటక మీద దాచకముందే, దాని వైరు కత్తిరించి పారేయండి.